దొంగగాలి

కింద సెల్లార్‌లో ఎవరో కారు టైర్లకు పాలిష్ పెడుతున్నారు. దసరా వస్తోంది కదా, బండి పూజ కోసం ఇప్పటి నుంచే తోమడం మొదలుపెట్టారు. మేముండేది రెండో అంతస్తులో. అయినా ఆ జిడ్డు వాసన మెట్లెక్కి మా వంటింట్లోకి వచ్చేసింది. కొందరికి అది కొత్త బండి వాసన. నాకు కాదు. వెళ్లి కిటికీ మూసేశాను. "ఇంత ఉక్కలో కిటికీ ఎందుకు మూశావే?" అని ముందు గదిలోంచి అమ్మ అడిగింది. "దోమలమ్మా" అన్నాను. పట్టపగలు దోమలేమిటని ఆమె అడగలేదు. వాసన ఆమెకూ అందింది, దాని వెనక ఉన్న మనిషెవరో ఆమెకూ తెలుసు. మా ఇంట్లో ఆయన పేరెత్తం. పేరెత్తకుండా ఉండటానికి మేమిద్దరం పడే అవస్థ చూస్తే, ఆయన ఈ ఇంట్లోనే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటున్నాడేమో అనిపిస్తుంది.

ఇవాళ పేరెత్తుతాను. ఆయన జనార్దన్. నారాయణగూడలో పాత కార్లు కొని అమ్మే దుకాణం ఆయనది. బజారంతా జనార్దన్ సేట్ అనేది. నేను కాకా అని పిలిచేదాన్ని. ఈ రోజు నేను తింటున్న అన్నం ఆయన నేర్పిన విద్య పెట్టిందే. ఆ మాట చెప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు.

2009లో నా డిగ్రీ అయిపోయింది. నాన్న అంతకు ముందే పోయాడు. ఆయన గుడివాడ దగ్గర నుంచి గుమాస్తా ఉద్యోగం మీద ఈ ఊరొచ్చి, చిక్కడపల్లిలో ఒక సందులో రెండు గదులు చూసుకుని, అక్కడే అయిపోయిన మనిషి. అమ్మ జాకెట్లు కుట్టేది. మామూలు కుట్టు కాదు. నల్లకుంట నుంచీ గాంధీనగర్ నుంచీ ఆడవాళ్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. అమ్మ గుడ్డ మీద సుద్దతో గీత గీసేది కాదు. కత్తెర పెట్టి ఒక్క ఊపున మెడ వంపు తీసేది. ఆ కత్తెర చప్పుడూ, మిషను చప్పుడూ వింటూ పెరిగాను నేను. దారం తెగబోయే ముందు మిషను చప్పుడు ఎలా మారుతుందో పడుకుని కళ్లు మూసుకునే చెప్పేదాన్ని. అది విద్య అని అప్పుడు నాకు తెలియదు. ఉద్యోగం కావాలి కనుక, ఫోన్లు ఎత్తడానికీ కాగితాలు సర్దడానికీ మనిషి కావాలని ఎవరో చెబితే జనార్దన్ సేట్ దుకాణానికి వెళ్లాను.

"పేరేంది బిడ్డా?" అన్నాడు, తల ఎత్తకుండా.

"రమ అండీ, సార్."

"సార్ ఏంది? నేనేమన్న బడి పంతుల్నా? కాక అను. మీ దిక్కు బాబాయ్ అంటరు గద, గదే." అప్పుడు తలెత్తి నవ్వాడు. సాసర్‌లో చాయ్ పోసి నా వైపు జరిపాడు. ఉద్యోగం ఇచ్చినట్టు వేరే చెప్పలేదు.

నాన్న పోయిన తర్వాత నన్ను ఎవరైనా అంత తేలిగ్గా బిడ్డా అనడం అదే మొదటిసారి. ఆ మాటకు నేను కరిగిపోయాను. తెలంగాణలో పెద్దవాళ్లు కూరగాయలమ్మే పిల్లను కూడా బిడ్డా అనే పిలుస్తారని నాకు తెలియక కాదు. తెలిసీ కరిగాను.

ఆయనకు అప్పటికే యాభై దాటాయి. గంజి పెట్టిన తెల్ల చొక్కా తప్ప వేరే వేసుకునేవాడు కాదు. ఆయిలూ గ్రీజూ నిండిన ఆ వ్యాపారంలో ఆ చొక్కా మీద మరక పడగా నేను చూడలేదు. భుజం మీద మడత పెట్టిన చేతిరుమాలు ఉండేది, దాంతో పట్టుకుని బానెట్ ఎత్తేవాడు. మాటకారి, కోపిష్టి, కాస్త గొప్పలు చెప్పుకునే రకం. మరమ్మతులన్నీ వెనక సందులోని మెకానిక్‌వి. బండికి జబ్బేమిటో చెప్పడం మాత్రం సేట్ పని. బండి గేటు దాటి లోపలికి వస్తుండగానే, కుర్చీలోంచి లేవకుండానే, చెప్పేసేవాడు. ఒకరోజు ఒక బండి లోపలికి వస్తుంటే, ఆయన చెప్పేలోపే నేను తలెత్తాను. "ఏంది, ఏమన్న వినొచ్చిందా?" అన్నాడు. "ఏదో బుస్సుమంటోంది కాకా, సన్నగా" అన్నాను. నన్ను కాసేపు అలాగే చూసి, డ్రాయరు తీసి, జానెడు గ్యాస్ పొయ్యి ట్యూబు ముక్క నా చేతిలో పెట్టాడు. "పద" అన్నాడు.

ఆ బండి గాంధీనగర్‌లో ఉండే ఒక రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరుగారి కోసం తెప్పించింది. మర్నాడు ఆయన పూజ చేయించి ఇంటికి తీసుకుపోవాలి. ఇంజిన్ ఆన్‌లో పెట్టి కాక నాకు పాఠం మొదలుపెట్టాడు. "ఇంజిన్ పెట్రోల్ ఒక్కటే తాగదు బిడ్డా, గాలి గూడ తింటది. ఎంత తినాల్నో లెక్క ఉంటది. ముంగట తలుపు నుంచి ఫిల్టర్ల పడి వస్తే మంచి గాలి. ఈ రబ్బర్ పైపులు ఉన్నయి చూడు, వీటిల ఏదన్న పగిలిందనుకో, ఆడికెళ్లి గూడ గుంజుతది. గది దొంగగాలి. దొంగగాలి తిన్న ఇంజిన్ సిగ్నల్ కాడ నిలబడితే వణుకుతది, ఆగిపోతది." ట్యూబు ఒక కొస నా చెవిలో పెట్టుకోమన్నాడు. రెండో కొస పట్టుకుని పైపుల వెంట మెల్లగా జరిపాడు. ఒకచోట బుస్సు ఒక్కసారి పెద్దదైంది. నేను చెయ్యెత్తాను. అక్కడ రెండు చుక్కలు సబ్బునీళ్లు వేశాడు. బుడగలు పైకి రాలేదు, నీళ్లు లోపలికే పోయాయి. ఇంజిన్ ఒక్క క్షణం గొంతు మార్చి మళ్లీ మామూలైంది. తర్వాత పట్టకారుతో ఆ పైపును నొక్కి పట్టాడు. వణుకు ఆగిపోయింది. వదిలాడు, మళ్లీ మొదలైంది.

"గిది ఏ పైపో ఎరుకనా? బ్రేక్ బూస్టర్‌ది" అన్నాడు. అప్పుడాయన గొంతులో సరదా పోయింది. ఇంజిన్ పీల్చే బలాన్నే బ్రేకు కూడా వాడుకుంటుందనీ, ఈ పైపు తెగితే కాలు ఎంత బలంగా నొక్కినా పెడల్ దిగదనీ చెప్పాడు. ఇంజిన్ ఆపి పెడల్ గట్టిపడేదాకా నొక్కమన్నాడు, కాలు తీయకుండా స్టార్ట్ చెయ్యమన్నాడు. "మంచిగున్న బండి అయితే పెడల్ కాలు కింద జర దిగుతది. దిగుతుందా?" దిగలేదు. ఆఫీసరుగారికి ఫోన్ చేసి, బండి రేపు ఇవ్వను, పైపు కొత్తది రావాలి అన్నాడు. అవతల ఆయన ముహూర్తం అంటున్నట్టున్నాడు. "ముహూర్తం ఇంకోటి దొరుకుతది సార్. బ్రేక్ లేని బండి మీ చేతిల పెట్టి నేను నిద్రపోవాల్నా?" అని ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు ఇంటికి వెళ్లి అమ్మకు ఈ కథంతా చెప్పాను. అమ్మ మిషను ఆపి మరీ వింది. "అలాంటి మనిషి దగ్గర పని దొరికింది, నీ అదృష్టం" అంది. నేనూ అదే అనుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్లు ఆయన నాకు నేర్పనిది లేదు. ఆదివారం పొద్దున్నే అశోక్‌నగర్ సందుల్లో కారు నడపడం నేర్పాడు. గేరు మార్చేటప్పుడు చప్పుడైతే నెత్తి మీద మొట్టేవాడు. పైపుకు టేపు చుడితే చివర కాస్త మడిచి చిన్న తోక వదలాలని కూడా నేర్పాడు. "ఇప్పేటప్పుడు గోరు ఇరగదు" అనేవాడు. ప్రతి గిరాకీకీ తనే బానెట్ ఎత్తి, "మీ తెలిసినోళ్లు ఎవరన్న ఉంటే తోల్కరండ్రి, సూస్కోండ్రి, తర్వాత పరేషాన్ కావద్దు" అనేవాడు. మా ఇంటికి వచ్చి అమ్మ చేసిన పులిహోర మళ్లీ మళ్లీ అడిగి పెట్టించుకునేవాడు. ఆయన భార్యకూ, కాలేజీలో చదువుతున్న కూతురు స్వప్నకూ జాకెట్లు అమ్మే కుట్టేది. అవి ఉద్యమం రోజులు. ఒకరోజు దుకాణానికి వచ్చిన ఎవరో, "ఆంధ్రా పిల్లను పెట్టుకున్నవేంది సేట్?" అన్నాడు. నేను వినేంత గట్టిగానే అన్నాడు. కాక లేచి నిలబడ్డాడు. "అది పిల్ల కాదు, నా చెవి. నా చెవిని యాడ పెట్టుకోవాల్నో నువ్వు చెప్తవా?" అన్నాడు. ఆ మనిషి మళ్లీ ఆ గేటు తొక్కలేదు. ఇలాంటివి గుర్తున్నంత కాలం ఆయన్ని హాయిగా తిట్టుకోవడం కూడా నాకు కుదరదు. ఆ సుఖం కూడా మిగల్చలేదు.

2011లో మేం కారు కొన్నాం. అమ్మకు మోకాళ్లు నొప్పులు, బస్సెక్కలేకపోతోంది. కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి విద్యానగర్, నల్లకుంట తిరగాలి. "బయట ఎందుకు, మన దగ్గరే తీస్కోండ్రి" అన్నాడు కాక. బూడిద రంగు చిన్న కారు, పాతదే. ముహూర్తం అమ్మ పెట్టించింది. ఆ ముందు రోజు బంద్. దుకాణాలన్నీ మూసేశారు, నేను కూడా పనికి వెళ్లలేదు. తెల్లవారి కాక తనే బండి నడుపుకుంటూ చిక్కడపల్లి గుడి ముందుకు తెచ్చాడు. టైర్ల నుంచి పైదాకా నిగనిగలాడుతోంది. టైర్ పాలిష్ వాసన గుప్పుమంటోంది. "మనమని ఎంత శ్రద్ధ చూశారో" అని అమ్మ మురిసిపోయింది. పూజారి బొట్లు పెట్టాడు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కొబ్బరికాయ కాకే కొట్టాడు.

నేను అలవాటుగా స్టీరింగ్ కిందికి చెయ్యి పోనిచ్చాను, బానెట్ మీట లాగుదామని. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "ఆయన ముందు బానెట్ తెరుస్తావా? ఏమనుకుంటారు?" అంది చెవిలో. నిజమే కదా. నేర్పినాయన ఎదురుగా నిలబడి ఆయన బండినే పరీక్ష చేస్తే ఆయన్ని గుడి ముందు నిలబెట్టి అవమానించినట్టు కాదూ? పరాయివాళ్లయితే నాలుగుసార్లు చూసుకుంటాం. మనవాళ్లయితే కళ్లు మూసుకుని తీసుకుంటాం, అలా కళ్లు మూసుకోవడమే మర్యాద అనుకుంటాం. మన ఇళ్లల్లో అంత ప్రాణం మీదికి తెచ్చే మర్యాద మరొకటి లేదు. నేను చెయ్యి తీసేశాను. కాక అదంతా చూశాడు. ఆ రోజు మాత్రం, సూస్కో బిడ్డా అనలేదు. నిమ్మకాయల మీదుగా బండి నడిపాను. అమ్మ పక్క సీట్లో ఒళ్లో కొబ్బరి చిప్పలు పెట్టుకుని కూర్చుంది.

కొద్ది వారాలు బాగానే నడిచింది. తర్వాత సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సన్నగా వణకడం మొదలైంది. వింటూనే ఉన్నాను. కాకకు చూపిద్దాంలే అనుకున్నాను. అలా అనుకున్న రోజు సాయంత్రమే, అమ్మా నేనూ జాకెట్లు ఇచ్చి వస్తున్నాం. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగుతుంటే ఇంజిన్ ఒక్కసారి దగ్గినట్టు అయింది. కింద బళ్లన్నీ ఆగి ఉన్నాయి. బ్రేకు మీద కాలు వేశాను. పెడల్ దిగలేదు. రెండు కాళ్లతో నొక్కాను. గోడను నొక్కినట్టే ఉంది. హ్యాండ్ బ్రేక్ లాగి బండిని పక్క గోడకేసి తిప్పాను. ముందున్న ఆటోలో బడి పిల్లలున్నారు. వాళ్లకు తగలకుండా బండి గోడను రాసుకుంటూ వెళ్లి ఆగింది. అమ్మ పడిపోకుండా కుడి చెయ్యి డ్యాష్‌బోర్డుకు ఆనించింది. ఆ చప్పుడు నేను విన్నాను. ఎన్నో చప్పుళ్లు విని గుర్తుపట్టే నాకు, అది బండిది కాదని వెంటనే తెలిసింది.

మణికట్టు ఎముక. కట్టు కట్టారు, విప్పారు, వ్యాయామాలు చెప్పారు. అతికింది కానీ వంకరగా అతికింది. బొటనవేలికి పట్టు రాలేదు. అన్నం కలుపుకుంటుంది, జడ వేసుకుంటుంది. కత్తెర మాత్రం పట్టుకోలేదు. మొదటిసారి పట్టుకోబోయినప్పుడు అది జారి కింద పడింది. అమ్మ వంగి తీసుకుని, నూనె రాసి, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేసింది. ఏడవలేదు. చుట్టాల పెళ్లిలో ఎవరిదో జాకెట్ చూసినప్పుడు మాత్రం, మెడ సరిగా కోయలేదే అని నెమ్మదిగా అనుకుంటుంది. ఆ మాట విన్నప్పుడు నేను అక్కడి నుంచి లేచిపోతాను.

ఆసుపత్రి హడావుడి తగ్గాక బండి బానెట్ తెరిచాను. బ్రేక్ బూస్టర్ పైపు పగిలి ఉంది. కొత్తగా పగిలింది కాదు. పాత పగులు మీద నల్ల టేపు చుట్టి, పైన టైర్ పాలిష్ పూసి, కొత్త పైపులా మెరిపించారు. ఇంజిన్ వేడికి జిగురు కరిగి టేపు జారిపోయింది. వణుకు తెలియకుండా, బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ వేగాన్ని సర్దే ఐడిల్ స్క్రూ కూడా కాస్త పెంచి పెట్టారు. ఎవరి పని అని వెతుక్కోనక్కర లేకపోయింది. టేపు చివర మడత ఉంది. చిన్న తోక. గోరు విరగకుండా.

పైపు కోసి కవర్లో వేసుకుని దుకాణానికి వెళ్లాను. లోపల గిరాకీ ఉంది, భార్యాభర్తలెవరో బండి చూస్తున్నారు. కవర్లోంచి పైపు తీసి బల్ల మీద పెట్టాను. "కాకా, ఇది మీ చేతి టేపు" అన్నాను. ఆయన దాని వంక చూసి, భుజం మీది రుమాలు తీసి దాని మీద కప్పాడు. "మెల్లగ బిడ్డా, మెల్లగ. గిరాకీ ఉంది" అన్నాడు. నన్ను పక్కకు తీసుకెళ్లాడు. "బంద్ ఉండె. పైపు దొరకలే, మెకానిక్ రాలే. మీ అమ్మకు చెప్తే ముహూర్తం పోయిందని ఆగమైతుండె. తర్వాత మారుస్తమనుకున్న, యాది మరిచిన" అన్నాడు.

"నాకు చెప్పొచ్చు కదా?"

"నువ్వు సూడొచ్చు గద?" అన్నాడు. వెంటనే గొంతు ఇంకా తగ్గించాడు. "బయటోళ్లయితే కొట్లాటకు వస్తరు బిడ్డా, అందుకే జాగ్రత్తగుంట. మనోళ్లు అర్థం చేస్కుంటరు."

ఆయన ఆ మాట నన్ను గాయపరచాలని అనలేదు. అదే భయంకరం. నిజంగానే ఆయన లెక్క అది. గాంధీనగర్ ఆఫీసరుగారు పరాయివాడు కనుక ఆయన ప్రాణానికి కాపలా ఉంది. మేం మనవాళ్లం కనుక మా ప్రాణం మీద టేపు వేసి తర్వాత చూద్దాంలే అనుకోవచ్చు. ఇంత జరిగినా నేను మెల్లగానే మాట్లాడాను. ఆ భార్యాభర్తలకు వినపడకుండా, ఆయన పరువుకు భంగం లేకుండా, "ఇక నేను రాను కాకా" అని గుసగుసగా చెప్పి వచ్చేశాను. గేటు దగ్గర నాకు ఎదురొచ్చిన మెకానిక్‌ను చూసి నవ్వాను కూడా. ఇన్నేళ్లయినా నన్ను తినేసేది ఆ నవ్వు.

బండిని తుక్కుకు వేశాం. కుట్టు మిషను మూల పడింది కనుక ఇల్లు నేనే నడపాలి. నాకు వచ్చింది ఒక్కటే విద్య. పాత కారు కొనేవాళ్లు "తెలిసిన మనిషి"ని వెంట తీసుకెళ్తారు కదా, నేను ఆ తెలిసిన మనిషినయ్యాను. గ్యాస్ ట్యూబు ముక్క హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరిగాను. ఆడమనిషి ఇంజిన్‌లో చెవి పెడుతుంటే మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత ఫోన్ నంబరు అడిగి తీసుకున్నారు. ఎవరి బండి అయినా సరే బానెట్ తెరవకుండా వదల్లేదు. మా పిన్ని కొడుకు బండికి కూడా తెరిచాను. పిన్ని ఏడాది మాట్లాడలేదు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, బతికే ఉన్నారు కదా అనుకున్నాను.

2014లో స్వప్న ఫోన్ చేసింది. ఉద్యోగం వచ్చింది, కారు కొంటోంది. "అక్కా, ఒక్కసారి చూసి చెప్తవా? నాన్న నిన్నే పిలవమంటున్నడు. వేరే ఎవ్వర్ని నమ్మడంట." నేను ఫోన్‌ను అరచేత్తో మూసి పట్టుకున్నాను. అమ్మ పక్కనే ఉంది, అన్నీ వింది. "వెళ్లు. ఆ పిల్ల ఏం చేసింది?" అంది.

అశోక్‌నగర్‌లో వాళ్ల ఇంటి ముందు బండి ఆగి ఉంది. కాక గేటు దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెల్ల చొక్కా అదే, గంజి లేదు. దుకాణం మూసేశాడని విన్నాను. ఎందుకో వెళ్లాక తెలిసింది. ఆయనకు రెండు చెవులూ పోయాయి. చెవి మిషను కొనిచ్చినా పెట్టుకోడట, నామోషీ. స్వప్న ఏం చెప్పినా అరిచి చెప్తోంది. "వచ్చినవా బిడ్డా" అన్నాడు, తన గొంతు తనకు వినపడని మనుషులు మాట్లాడినట్టు, వీధంతా వినపడేలా. "గీ బండి నా దోస్తుది. ఇరవై ఏండ్ల దోస్తానా. ఆయన ముంగట నేను బానెట్ తెరిస్తే మనసు కష్టపెట్టుకుంటడు. అందుకే నిన్ను పిలిచిన." నాకు నవ్వొచ్చింది. అది మంచి నవ్వు కాదు.

ఇంజిన్ ఆన్ చేయించి ట్యూబు తీశాను. పాత బళ్లలో రబ్బరు ముందు ఎండేది బూస్టర్ పైపు కొసల్లోనే, కనుక ముందు అక్కడే పెట్టాను. సన్నగా బుస్సు ఉంది. పెడల్ పరీక్ష చేశాను, దిగీ దిగనట్టు ఉంది. పట్టీ బిగించిన చోట పైపుకు వెంట్రుక మందాన పగులు. ఇంకా తెగలేదు. తెగుతుంది. ఏ ఫ్లైఓవర్ మీదో, ఏ సాయంత్రమో. కాకను పిలిచి ట్యూబు ఆయన చేతికిచ్చాను. చెవిలో పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అటు జరిపాడు, ఇటు జరిపాడు. కళ్లు తెరిచి నా మొహం చూశాడు. ఆయనకేమీ వినపడలేదు. నేనేం చెబితే అది నమ్మడం తప్ప ఆయనకు వేరే దారి లేదు. బాగుందని చెప్పి బ్యాగు భుజాన వేసుకుని వచ్చేయొచ్చు. ఆ క్షణంలో ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. బండి పక్కనే స్వప్న నిలబడి ఉంది, అమ్మ కుట్టిన పాత జాకెట్ వేసుకుని.

స్కూటర్ మీద నారాయణగూడ వెళ్లి కొత్త పైపు తెచ్చాను. పాతది విప్పి, కొత్తది బిగించి, మళ్లీ విన్నాను. ఇంజిన్ నిలకడగా ఉంది. పెడల్ కాలి కింద దిగింది. విప్పిన పైపు కాక చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేళ్లతో తడిమాడు. పగులు దగ్గర వేళ్లు ఆగిపోయాయి. అది ఏ పైపో ఆయనకు ఎవరూ చెప్పనక్కర లేదు. క్షమించమంటాడేమోనని నేను నిలబడ్డాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, దానికోసమే నిలబడ్డాను.

"అమ్మ చెయ్యి ఎట్లుంది?" అన్నాడు.

మూడేళ్లలో మొదటిసారి అడిగాడు. "కత్తెర పట్టుకోలేదు కాకా" అన్నాను, నా మామూలు గొంతుతో, ఆయన ఒకప్పుడు నేర్పిన మెల్లని గొంతుతోనే. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. "ఆఁ? జర గట్టిగ చెప్పు బిడ్డా, వినొస్తలేదు."

చెప్పాను. ఊపిరి తీసుకుని చెప్పాను. "అమ్మ ఇక కుట్టలేదు! కత్తెర పట్టుకోలేదు! మీరు పగిలిన పైపుకు టేపు చుట్టి మాకిచ్చారు, అందుకు!" ఎదురింటి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నావిడ చెయ్యి ఆగిపోయింది. పక్కింటాయన గేటు దాకా వచ్చాడు. కాక మొహంలో రంగు పోయింది. ఈసారి ఆయన నన్ను మెల్లగా మాట్లాడమనలేకపోయాడు. మెల్లగా మాట్లాడితే ఆయనకే వినపడదు.

"ఏ పైపు నాన్నా?" అంది స్వప్న. "నాన్నా, ఏ పైపు?" అని ఈసారి అరిచింది. చేతిలో ఉన్న పైపును ఆయన పంచె మడతలోకి జరుపుకుంటున్నాడు, దాచుకుంటున్నట్టు. నేను ట్యూబు తుడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. ఆయన్ని మళ్లీ చూడలేదు. తర్వాతి ఏడాది పోయాడని తెలిసింది. వెళ్లలేదు.

ఆ రోజు ఇంటికొచ్చి అంతా చెబితే అమ్మ నన్ను మెచ్చుకోలేదు, తిట్టలేదు. "ఆ పిల్ల బండికి పైపు మార్చావా?" అంది. మార్చానన్నాను. "పట్టీ సరిగ్గా బిగించావా?" అంది. బిగించానన్నాను. "సరే, చేతులు కడుక్కో" అంది. చేతులు కడుక్కుంటుంటే ఏడుపొచ్చింది. కొళాయి పెద్దగా తిప్పాను.

ఇవాళ కిటికీ మూసినా పాలిష్ వాసన పోలేదు. బాల్కనీలోంచి వంగి చూస్తే, సెల్లార్‌లోంచి బయటికి తెచ్చిన కారు పక్కన పై ఫ్లాటు వాళ్లబ్బాయి, కొత్తగా పెళ్లయినవాడు, భార్యకు బండి చూపిస్తున్నాడు. వాళ్ల మేనమామ దగ్గర కొన్నారట, మొన్న లిఫ్టులో చెప్పాడు. మామయ్య బండి కదా అక్కా, చూసుకోవాల్సిన పని లేదు అన్నాడు. ఇంజిన్ ఆన్‌లో ఉంది. ఇక్కడికి వినపడదు. నేను హ్యాండ్‌బ్యాగులోంచి ట్యూబు ముక్క తీశాను. అమ్మ చూసింది. వంకర తిరిగిన చేత్తో తలుపు గొళ్లెం తనే తీసింది. "వాళ్లేమైనా అనుకుంటారేమోనే" అంటుందేమోనని ఒక్క క్షణం ఆగాను. అనలేదు. మెట్లు దిగాను.